వెన్నెల లెక్క ఎవరిది?
అడవిపంది వేట, రాత్రి కావలి, దళిత శ్రమ

మన చరిత్ర పుస్తకాలు ఎక్కువగా పగటి చరిత్రే చెప్తాయి. పట్టాభిషేకాలు, యుద్ధాలు, శిస్తు వసూళ్ళు, సభలు, తీర్మానాలు అన్నీ పొద్దు ఉండగా జరిగినవే. పొద్దుగూకినంక ఈ నేల మీద జరిగిన పనికి ఆ పుస్తకాల్లో చోటు దొరకలేదు. అయితే ఊరి బతుకు రాత్రి ఆగిపోయేది కాదు. చేను కావలి, కల్లం కావలి, తూము కావలి, శవం కావలి, ఠాణాలో హాజరు, ఇవన్నీ రాత్రి పనులే. ఈ పనులు ఏ కులాల నెత్తిన పడ్డాయో ఊళ్ళో పుట్టిన ఎవరినడిగినా చెప్తారు. చరిత్రకారులు మాత్రం అడగలేదు.

ఈ వ్యాసంలో మేము రాత్రి చరిత్రలో ఒక చిన్న ముక్కనే తీసుకుంటున్నాం. అడవిపందికీ వెన్నెలకూ ఉన్న సంబంధం ఏమిటి? ఆ సంబంధాన్ని ఎవరు కనిపెట్టారు? తెలుసుకున్నవాళ్ళకు దక్కిందేమిటి? పైకి ఇది జంతుశాస్త్రానికో వేటగాళ్ళ ముచ్చట్లకో చెందిన విషయంలా కనిపిస్తుంది. కానీ తరచి చూస్తే ఇందులో కులం ఉంది, భూమి ఉంది, చట్టం ఉంది. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వెన్నెల రాత్రుల్లో, చీకటి రాత్రుల్లో పంది నడకను తెలుసుకున్న జ్ఞానం కావలి కాసిన కులాలది. రాజ్యం ఆ జ్ఞానాన్ని వాడుకుంది, దానికి వెల కట్టలేదు, చివరికి దాన్నే నేరంగా రాసిపెట్టింది.

ఇక్కడ దళిత అనే మాటను ఉద్యమం ఇచ్చిన విశాలమైన అర్థంలో వాడుతున్నాం. మాదిగలు, మాలలతోపాటు ఎరుకల, యానాది, చెంచు వంటి సమూహాలను కూడా కలుపుకునే చెప్తున్నాం. వీళ్ళ చరిత్రలన్నీ ఒక్కటే అని మా ఉద్దేశం కాదు. రాత్రి విషయంలో వీళ్ళందరినీ రాజ్యమూ ఊరూ ఒకే చూపుతో చూశాయన్నదే మా వాదన.

రెండు పందులు

పందికి మన సమాజంలో రెండు బతుకులున్నాయి. ఒకటి రాచబతుకు. బాదామి చాళుక్యుల లాంఛనం వరాహం. కాకతీయులదీ వరాహమే. విజయనగర రాజుల లాంఛనంలో వరాహంతోపాటు కత్తి, సూర్యచంద్రులు ఉంటారు. అంటే పంది పక్కనే చంద్రుడు రాజముద్రలోకి ఎక్కి కూర్చున్నాడు. బంగారు నాణేనికి వరహా అన్న పేరు కూడా ఈ పందినుంచే వచ్చింది. సింహాచలంలో వరాహ నరసింహుడు, తిరుమల కొండమీద ముందుగా దర్శించుకోవాల్సిన వరాహస్వామి, ఇద్దరూ ఈ పంది రూపమే.

రెండోది వెలివాడ బతుకు. అదే పంది ఎరుకలవాడి గుడిసె పక్కన కనిపిస్తే అంటు. దాన్ని పెంచేవాడు అంటరానివాడు, తినేవాడు మురికివాడు. ఊరపందిని చూసి ముక్కు మూసుకునే భూస్వామి ఇంట్లో అడవిపంది కూర పరువైన కూర. పంది మాంసం పేరెత్తితే ఉమ్మేసే పెద్దమనిషి అడవిపంది దొరికిందంటే చుట్టాలను పిలుస్తాడు.

శాస్త్రం మాత్రం ఈ తేడాను ఒప్పుకోదు. ఊరపంది, అడవిపంది రెండూ ఒకే జాతి. సుమారు తొమ్మిది పది వేల ఏళ్ళ కింద అనటోలియా ప్రాంతంలోనూ చైనాలోనూ మనుషులు అడవిపందిని మచ్చిక చేసుకుంటే వచ్చిందే ఊరపంది. ఇప్పటికీ అడవి అంచు ఊళ్ళల్లో రెండూ కలుస్తాయి, పిల్లల్ని కంటాయి. పందుల మధ్య కులం లేదు. పంది ఎవరి చేతిలో ఉందన్నదాన్నిబట్టి కులం పుట్టింది.

శ్రీకాళహస్తి తిన్నడి కథను కూడా ఈ కోణంలో చదవాలని మా అభిప్రాయం. 12వ శతాబ్దపు తమిళ పెరియ పురాణంలో, ఆ తర్వాత 16వ శతాబ్దంలో ధూర్జటి కావ్యంలో ఈ కథ ఉంది. తిన్నడు బోయ పిల్లవాడు. పందిని తరుముకుంటూ పోయి లింగాన్ని చూస్తాడు, కాల్చిన మాంసం తెచ్చి పెడతాడు. తమిళ కథలో అతను రాత్రంతా విల్లు పట్టుకుని లింగానికి కావలి కాస్తాడు, తెల్లవారకముందే మళ్ళీ వేటకు పోతాడు. భక్తి గురించి పండితులు చాలా రాశారు. మాకు కనిపించేది వేరొకటి. రాత్రి కావలి, కోడికూత ముందు వేట, ఇవి రెండూ ఆ పిల్లవాడికి పుట్టుకతో అబ్బిన పనులు. అతని పని దేవుడికి చేరింది, అతని మాంసం కూడా చేరింది. అయినా అతను కన్ను పెరికి ఇస్తేనే లోకం ఒప్పుకుంది.

చీకటి జాము, వెన్నెల జాము

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పట్నంలో చదువుకున్నవాళ్ళకు వెన్నెల రాత్రి అంటే ఒకటే రాత్రి. కావలివాడికి అలా కాదు. పున్నమినాడు పొద్దుగూకంగనే చంద్రుడు పొడుస్తాడు, తెల్లారేదాకా ఉంటాడు. మర్నాటి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు. పాత లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి ఇది సుమారు రెండు ఘడియలు. బహుళ అష్టమి వచ్చేసరికి నడిరేయి దాటితేగాని చంద్రుడు కనిపించడు. అంటే ఆ రోజుల్లో ముందురాత్రి చీకటి, వెనకరాత్రి వెన్నెల. అమావాస్య దాటినంక ఇది తిరగబడుతుంది. శుద్ధ అష్టమినాడు పొద్దుగూకినప్పటి నుంచి నడిరేయి వరకు వెన్నెల, ఆపైన చీకటి.

చేను కాసేవాడికి ఈ లెక్క ప్రాణం. ఒక మనిషి రాత్రంతా మేలుకోలేడు. ఏ జాములో కన్ను మూయొచ్చో, ఏ జాములో మంచె దిగి చేను చుట్టూ తిరగాలో అతనికి తెలియాలి. పంచాంగం చూసి చెప్పే పంతులుకు తిథి పెళ్ళికి, తద్దినానికి పనికొస్తుంది. అదే తిథి కావలివాడికి నిద్ర లెక్క. ఒకే చంద్రుణ్ణి ఇద్దరూ చదివారు. ఒకడి చదువుకు దక్షిణ ముట్టింది, రెండోవాడి చదువును చదువుగానే గుర్తించలేదు.

మరి పంది ఏం చేస్తుంది? పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ, వినికిడి ఎక్కువ. పిల్లికి, కుక్కకు, జింకకు కంటి వెనక మెరుపు పొర ఒకటి ఉంటుంది. అందుకే వెలుతురు పడితే వాటి కళ్ళు మెరుస్తాయి. పంది కంటికి ఆ పొర లేదు. దివిటీ ఎత్తినా, టార్చిలైటు వేసినా దాని కన్ను జింక కన్నులా పట్టివ్వదు. అది గాలి వాటాన్ని పట్టుకుని నడుస్తుంది. మనిషి వాసన తగిలితే ఆగిపోతుంది. కాబట్టి వెన్నెల ఎంత ఉందన్నదానితోపాటు గాలి ఎటునుంచి వీస్తోందన్నది కూడా కావలివాడు చూసుకోవాలి.

అడవిపంది పుట్టుకతోనే రాత్రి జంతువు అనుకోవడం పొరపాటు. మనిషి బెడద లేనిచోట అది పొద్దునా సాయంత్రం కూడా తిరుగుతుంది. వేట ఎక్కువైనచోట, మనుషుల సందడి ఎక్కువైనచోట రాత్రిలోకి జరిగిపోతుంది. ఈ సంగతి చాలా దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. వెన్నెల విషయంలో మాత్రం ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. కొన్ని చోట్ల నిండు వెన్నెల రాత్రుల్లో పందులు తిరగడం తగ్గినట్టు కనిపిస్తే, కొన్ని చోట్ల పెద్ద తేడా కనిపించలేదు.

ఈ తేడాకు కారణం వెదకాలంటే చంద్రుణ్ణి ఒక్కణ్ణే చూస్తే చాలదని మేము అనుకుంటున్నాం. పందికి వెన్నెల పగ కాదు. వెన్నెల్లో దాన్ని చూడగలిగే మనిషి దానికి పగ. మనిషి వెన్నెల్లో మాటువేసే చోట పంది చీకటి కోసం ఆగడం నేర్చుకుంటుంది. మాటు లేనిచోట దానికి వెన్నెలతో పేచీ ఉండాల్సిన పని లేదు. అంటే పంది నడక కూడా మనుషుల మధ్య సంబంధాలను బట్టి మారే చరిత్రే.

పంటను బట్టి కూడా వెన్నెల విలువ మారుతుంది. వేరుశనగ చేను పొట్టిది. వెన్నెల రాత్రి అందులో పంది దిగితే నల్లటి మూట కదిలినట్టు కనబడుతుంది. మొక్కజొన్న, జొన్న, చెరుకు పందికంటే ఎత్తు. వాటి సందుల్లో పున్నమినాడు కూడా అమావాస్యే. అక్కడ కన్ను పనికిరాదు, చెవి కావాలి. కంకి విరిగిన చప్పుడు, ముట్టెతో మట్టి పెళ్ళగించే చప్పుడు, పిల్లలున్న తల్లిపంది గురక, వీటిని వేరుచేసి చెప్పగలగాలి. శ్రావణ భాద్రపదాల్లో మబ్బు పట్టి వెన్నెల ఉన్నా లేనట్టే ఉంటుంది. ఆశ్వయుజంలో మబ్బు విడిచి వెన్నెల తేటపడే సరికి చేలల్లో కాయ, కంకి ముదిరి ఉంటాయి. ఏడాదిలో కావలికి గట్టి పరీక్ష ఆ రోజుల్లోనే.

వేట పద్ధతులు కూడా ఈ లెక్కమీదే రెండుగా చీలాయి. వెన్నెల ఉంటే చూపుతో చేసే వేట. నీటిగుంట దగ్గరో చేను గట్టునో గాలికి ఎదురుగా మాటువేసి ఈటెతోనో, బాణంతోనో, తుపాకితోనో కొట్టడం. చీకటి ఉంటే చెవితో చేసే వేట. కుక్కలను వదలడం, వల కట్టడం, పంది నడిచే దారిలో ఉచ్చు పెట్టడం. చేతిలో తుపాకి ఉన్నవాడికి వెన్నెల కావాలి. తుపాకి లేనివాడు చీకటితో స్నేహం చేసుకోవాల్సి వచ్చింది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చిన చట్టాల అసలు రంగు అర్థమవుతుంది.

మంచె మీద ఎవరు?

చేను ఒకరిది, మంచె మీద నిద్రలేని కన్ను ఇంకొకరిది. పటేలు, దొర, మోతుబరి ఇంట్లో పడుకుంటే జీతగాడు చేనులో పడుకున్నాడు. తెలంగాణలో భగేలాలు, కోస్తాలో పాలేర్లు, పేరు ఏదైనా అప్పుకింద కట్టుబడ్డ మనిషే. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన తేవాల్సి వచ్చిందంటే ఆ కట్టుబానిసత్వం ఎంత పాతుకుపోయి ఉందో ఊహించవచ్చు. దేశం మొత్తానికి వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోగాని రాలేదు.

జీతగాడి పని పొద్దుతో మొదలై పొద్దుతో ముగిసేది కాదు. పగలు నాగలి, రాత్రి కావలి. ఆ కావలి వేరే పనిగా లెక్కకు రాలేదు, జీతంలో కలిసిపోయింది. దినకూలి అనే మాటలోనే దినం ఉంది, రాత్రికి ఆ మాటలో చోటు లేదు. మన ఆర్థిక చరిత్రలు కూలిరేట్ల పట్టికలు వేసినప్పుడు కూడా ఎక్కువగా పగటి కూలినే లెక్కించాయి. పంట దిగుబడి లెక్కల్లో విత్తనం ఉంటుంది, ఎరువు ఉంటుంది, ఎడ్ల ఖర్చు ఉంటుంది. పందిపాలు కాకుండా ఆ పంటను ఇంటికి చేర్చిన నిద్రలేని రాత్రులు ఎక్కడా ఉండవు.

మగవాడు చేనులో ఉన్న రాత్రి వాడలో ఆడమనిషి ఒంటరిగా ఉంది. దొరల పెత్తనం నడిచిన ఊళ్ళల్లో ఆ ఒంటరి రాత్రికి అర్థం ఏమిటో దళిత స్త్రీలకు తెలుసు. కావలి చరిత్ర రాసేవాళ్ళు మంచె దగ్గరే ఆగిపోకుండా ఆ గుడిసె దాకా రావాలి.

డప్పు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చేలల్లో పందిని బెదరగొట్టడానికి మోగిందీ డప్పే, దొరలు, అధికారులు వేటకు వచ్చినప్పుడు హాకా వేయడానికి మోగిందీ డప్పే. హాకా అంటే వాడ మనుషులను వరుసగా అడవిలోకి తోలి, అరుపులతో డప్పులతో జంతువులను తుపాకుల ఎదుటికి తరమడం. సంస్థానాల్లో, జమీందారీల్లో ఇది వెట్టిలో భాగం. గాయపడ్డ పంది కోర మోకాలి కింద నుంచి తొడ దాకా చీల్చేస్తుంది. తుపాకి ఉన్నవాడు మంచె మీద, కర్ర ఉన్నవాడు నేలమీద. పంది పడితే పేరు మంచె మీదవాడిది. వేటగాళ్ళ జ్ఞాపకాల పుస్తకాల్లో తుపాకి పేరు, తూటా తూకం, కోర పొడవు రాసి ఉంటాయి. హాకా వేసినవాళ్ళు ఎందరో ఒక అంకెగా మాత్రమే కనిపిస్తారు.

ఆటగా మారిన వేట, నేరంగా మారిన వేట

ఇంగ్లీషువాళ్ళు పంది వేటను ఒక ఆటగా మార్చుకున్నారు. ఇది ముఖ్యంగా ఉత్తరాదిలో గంగా మైదానంలో సాగిన వ్యవహారం. పగటిపూట గుర్రమెక్కి, బల్లెంతో పందిని పొడవడం. మీరట్‌లో కాదిర్ కప్పు అనే పోటీ పెట్టేవారు. తర్వాత స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పావెల్ 1883లో ఆ కప్పు గెలిచాడు, 1889లో ఆ వేటమీద ఒక పుస్తకమే రాశాడు. ఆ ప్రాంతాల్లో పందిని తుపాకితో కాల్చడం పెద్దమనిషి తరహా కాదని వాళ్ళు నమ్మేవారు. బల్లెంతో పొడిస్తేనే మగతనం అన్నమాట.

అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. 1879లో నీలగిరుల్లో వేట జంతువుల, చేపల రక్షణ చట్టం వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా వేటాడటం, ఉచ్చులు వలలు పెట్టడం నేరమని చెప్పింది. అంతకుముందే 1871లో నేరస్థ జాతుల చట్టం తయారైంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు, 1924లో మరింత బిగించారు.

ఎరుకల కుటుంబాలను ఈ చట్టం కింద నమోదు చేసి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం, సీతానగరం, కావలి పేర్లు మనకు తెలిసినవే. నమోదైన మనిషి పోలీసుకు హాజరు చెప్పుకోవాలి, రాత్రి ఎక్కడ పడుకున్నాడో లెక్క చెప్పాలి. దొంగతనానికి సిద్ధమవుతున్నాడని కోర్టుకు అనిపించే పరిస్థితుల్లో కనిపిస్తే చాలు, మూడేళ్ళ దాకా జైలు. ఇప్పుడు ఆలోచించండి. చీకటి రాత్రి, చేతిలో ఈటె, వెంట కుక్క, భుజం మీద వల. పంది కోసం పోతున్న ఎరుకలవాడు ఆ పరిస్థితుల్లో కాక ఇంకెలా కనిపిస్తాడు? మీరట్ మైదానంలో గుర్రం మీద ఉన్నవాడి చేతి బల్లెం మగతనానికి గుర్తు. ఎరుకలవాడి చేతి ఈటె నేరానికి సాక్ష్యం. పంది అదే, ఇనుము అదే. తేడా పట్టుకున్న చెయ్యిలో ఉంది.

నేరస్థ జాతుల చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. రాత్రి కనిపించిన ఎరుకల మనిషిని చూసే ఊరి చూపు, పోలీసు చూపు మాత్రం ఆ తేదీన రద్దు కాలేదు.

చెంచుల సంగతి కొంచెం వేరు. నల్లమలలో, అమ్రాబాద్ గుట్టల్లో వాళ్ళ తిండికి దుంపలు, పండ్లే ఆధారం, వేట దానికి తోడు. 1940లో వాళ్ళ మధ్య తిరిగి 1943లో పుస్తకం ప్రచురించిన హైమన్‌డార్ఫ్ కూడా ఈ సంగతే రాశాడు. గడ్డపారతో చెంచు స్త్రీ తవ్వే దుంపనే పంది తన ముట్టెతో తవ్వుతుంది. అడవిలో ఇద్దరూ ఒకే వంటింటి మనుషులు. పంది ఎక్కడ తవ్విందో చూసి దుంప జాడ, దుంప ఎక్కడుందో చూసి పంది జాడ తెలుసుకునే బతుకు అది. ఆ అడవి 1978లో అభయారణ్యమైంది, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. పంది పులికి ఆహారంగా లెక్కకెక్కింది. చెంచు ఏ లెక్కలోకి ఎక్కాడో ఇంకా తేలలేదు.

చట్టంలో రాత్రి

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చినప్పుడు వేట పూర్తిగా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. మొదటి చట్టంలో లైసెన్సు తీసుకున్నవాళ్ళు వేటాడవచ్చు. ఆ లైసెన్సు వేటకు పెట్టిన షరతులు 17వ సెక్షన్‌లో ఉండేవి. వలలు వాడకూడదు, గోతులు తవ్వకూడదు, కుక్కలతో వేటాడకూడదు, దీపాలు వాడకూడదు. పొద్దుగూకినప్పటి నుంచి పొద్దు పొడిచేదాకా వేటాడకూడదు. రాత్రి విషయంలో ఒక మినహాయింపు ఉంది. చంపిన పశువు దగ్గరికి తిరిగి వచ్చే మాంసాహారి మృగాన్ని కాల్చడానికి ప్రత్యేక అనుమతి ఉన్నవాడు రాత్రి కూడా కాల్చవచ్చు.

ఈ సెక్షన్‌ను జంతువుల మీద దయగా చదవవచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది. లైటు వేసి, జీపులెక్కి చంపే వేట అడవులను ఖాళీ చేసింది. ఆ వేటను ఆపాల్సిందే. కానీ కులం కళ్ళతో చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. వల, గొయ్యి, కుక్క, చీకటి, ఇవి తుపాకి లేనివాడి పద్ధతులు. తుపాకి, పగటి వెలుగు, లైసెన్సు, ఇవి ఉన్నవాడి పద్ధతులు. మొదటివి నేరమయ్యాయి, రెండోవి ఇంకో 19 ఏళ్ళు సక్రమంగానే ఉన్నాయి. లైసెన్సు వేట 1991 సవరణతోగాని పోలేదు.

తుపాకి ఎవరికి దొరికేదో కూడా చూద్దాం. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణ కోసం నాటు తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని చెప్పింది. పంట రక్షణకు లైసెన్సు అడగాలంటే పంట ఉండాలి, పంట ఉండాలంటే భూమి ఉండాలి. రాత్రంతా మంచె మీద కూర్చున్న జీతగాడి పేర భూమి లేదు. కాబట్టి పందితో ముఖాముఖి తలపడేవాడికి తుపాకి లేదు, తుపాకి ఉన్నవాడికి పందితో తలపడే పని లేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవి బిడ్డలకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని ఆ చట్టం ఒప్పుకుంది, సంప్రదాయంగా అనుభవించే హక్కులను గుర్తించింది. అదే సెక్షన్‌లో వేట, ఉచ్చు పెట్టడం మాత్రం ఆ హక్కుల్లోకి రావని కూడా రాసింది. వేట హక్కు తిరిగి ఇవ్వాలని మేము ఇక్కడ వాదించడం లేదు. హక్కుతోపాటు ఆ జ్ఞానానికున్న గౌరవాన్ని కూడా తీసేయడం దేనికని అడుగుతున్నాం.

కరెంటు తీగకు వెన్నెల తెలియదు

ఇవాళ మంచెలు తగ్గిపోయాయి. జీతగాళ్ళు తగ్గారు, వలసలు పెరిగాయి. రాత్రి కావలికి మనిషి దొరకడం లేదని రైతులంటారు. ఒకప్పుడు వెల లేకుండా దొరికిన మనిషి ఇప్పుడు దొరకడం లేదన్నదే దానర్థం. మరోపక్క పందులు పెరిగాయి. పులి, చిరుత తగ్గినచోట పందిని తినేది లేదు. తల్లిపంది సుమారు 115 రోజులు మోసి ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలకు తక్కువ కాకుండా పెడుతుంది. మొక్కజొన్న, వేరుశనగ చేలు అడవి అంచుదాకా పాకాయి. అడవిపంది కష్టం చిన్న రైతుకు, కౌలుదారుకు నిజమైన కష్టం. దళిత కౌలుదారుకు అది ఇంకా ఎక్కువ. పంట నష్టానికి పరిహారం అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి, పట్టా ఇంకొకరి పేర ఉంటుంది.

ఈ స్థితిలో మనిషి చోటును కరెంటు తీగ ఆక్రమించింది. చేను చుట్టూ బోసి తీగ కట్టి, స్తంభం నుంచి దొంగకరెంటు కలిపి వదిలేస్తారు. తీగకు జీతం అక్కర్లేదు, నిద్ర రాదు. దానికి వెన్నెల తెలియదు, చీకటి తెలియదు, పందికీ మనిషికీ తేడా తెలియదు. తెల్లవారుజామున కల్లుకు పోయేవాడు, గొర్లు కాసేవాడు, బహిర్భూమికి పోయే ఆడమనిషి, పక్క చేనుకు నీళ్ళు కట్టడానికి పోయే కూలీ ఆ తీగకు తగిలి చచ్చిపోతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్తలు పంటకాలమంతా వస్తూనే ఉంటాయి.

దీనికి రాత్రి కరెంటు కూడా తోడైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కానీ ఎన్నో ఏళ్ళు ఆ కరెంటు వంతులవారీగా, చాలా ఊళ్ళల్లో రాత్రిపూట వచ్చింది. మోటరు వేయడానికి చీకట్లో పోయింది ఎవరు? యజమాని కొన్నిచోట్ల, పాలేరు చాలాచోట్ల. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా మొదలైనంక ఈ బాధ కొంత తగ్గింది. తీగ మాత్రం పోలేదు.

పాత కావలివాడు పున్నమి చూసి, గాలి చూసి, చప్పుడు విని పందిని తరిమాడు. అతను ఉన్న చేలో పంది బెదిరింది, మనిషి బతికాడు. అతన్ని తీసేసి తీగ పెట్టిన చేలో పందీ చస్తోంది, మనిషీ చస్తున్నాడు. కావలివాడి జ్ఞానానికి వెల ఎంతని ఎవరైనా అడిగితే ఈ చావులను చూపించాలి.

2021లో తెలంగాణ ప్రభుత్వం పంటలను పాడుచేసే అడవిపందులను చంపేందుకు అనుమతినిచ్చే అధికారాన్ని సర్పంచులకు అప్పగించింది. 2022లో కేరళ కూడా స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. అంతకుముందు 2015, 2016ల్లో బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాల్లో అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించారు. ఈ ఏర్పాట్లు అవసరమా కాదా అన్నది వేరే చర్చ. మేము గమనించమనేది ఒకటే. లైసెన్సు తుపాకి ఉన్న షూటరుకు మళ్ళీ తలుపు తెరుచుకుంది. అతనికి పంది దారి చూపించేది ఎవరు? చచ్చిన పందిని మోసేది, పాతిపెట్టేది ఎవరు? వేటాడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి మోసినవాడు అందులో ఒక ముక్క ఇంటికి తీసుకుపోతే దొంగ అవుతాడు. హాకా కాలం నాటి వరస ఇందులో మళ్ళీ తొంగిచూస్తోంది.

మన ముందున్న పని

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు ఈ వ్యాసం ద్వారా కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం. మొదటిది, రాత్రి కావలి కాసిన తరం ఇంకా వాడల్లో ఉంది. వెన్నెల జాములకు, గాలి దిక్కులకు, పంది చప్పుళ్ళకు, అడుగుజాడలకు వాళ్ళు వాడే మాటలు జిల్లాకొక తీరుగా ఉంటాయి. నిఘంటువుల్లో దొరకని ఆ మాటలను రాసిపెట్టాలి. ఆ తరం పోతే ఆ మాటలు పోతాయి. వెన్నెలకు పంది ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడానికి అడవుల్లో కెమెరాలు కట్టే పరిశోధకులు, ముందు మంచె దిగివచ్చిన మనిషి పక్కన కూర్చోవాలి. అతని పేరు కూడా పరిశోధనలో ఉండాలి.

రెండోది, పాత కోర్టు రికార్డుల్లో, అటవీశాఖ కేసుల్లో, సెటిల్‌మెంట్ల రిజిస్టర్లలో రాత్రి పట్టుబడ్డ మనుషులు ఉన్నారు. వాళ్ళ మీద రాసిన నేరాన్ని తిరగేసి చదివితే అందులో ఒక వృత్తి కనిపిస్తుంది, ఒక శాస్త్రం కనిపిస్తుంది. ఆ చదువు మనమే చదవాలి.

మూడోది అన్నిటికంటే తొందరపడాల్సింది. చేలల్లో కరెంటు తీగలను ఆపాలని గ్రామసభల్లో పట్టుబట్టాలి. తీగకు తగిలి చచ్చినవాళ్ళ కులం, భూమి, పని వివరాలు ఊరూరా సేకరించాలి. రాత్రి కావలిని వేరే పనిగా గుర్తించి, పగటి కూలి కంటే ఎక్కువ కూలి అడగాలి. కౌలుదారుకు పంట నష్టపరిహారం నేరుగా అందాలి. చేనుకు మనిషి కావలి ఖరీదైన పని అని రైతు అంటే, నిజమే, అది ఎప్పుడూ ఖరీదైన పనే. ఇన్నాళ్ళూ ఆ ఖరీదు చెల్లించింది వాడ.